.223, 5.56, వైల్డ్, బ్లాకౌట్: చాంబర్‌లో పట్టినంత మాత్రాన కాల్చొచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు చెప్తాను. డాలస్ దగ్గర ఉంటున్నారు, గ్రీన్ కార్డు వచ్చాక మొదటి ఏఆర్-15 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రిసీవర్ (ట్రిగ్గర్, మ్యాగజైన్ పట్టే భాగం) మీద 'మల్టీ' అని ఉంది, అమ్మినాయన .223 వైల్డ్ బ్యారెల్ అన్నాడు, ఇంట్లో ఉన్నదేమో 5.56 నాటో తూటాల డబ్బా. నెట్‌లో ఒకరు .223, 5.56 తూటాలు రెండూ ఒకటే అంటున్నారు, ఇంకొకరు ప్రెషర్ ఎక్కువై రైఫిల్ పేలిపోతుందని భయపెడుతున్నారు. పైగా అడవి పందుల వేటకి .300 బ్లాకౌట్ అప్పర్ (బ్యారెల్, బోల్ట్ ఉండే రైఫిల్ పైభాగం) ఒకటి కొని ఇప్పుడున్న మ్యాగజైన్లే వాడుకుందామని ఆలోచన.

సూటిగా చెప్పేస్తాను. బ్యారెల్ మీద 5.56 నాటో అని గానీ, .223 వైల్డ్ అని గానీ చెక్కి ఉంటే రెండు రకాల తూటాలూ కాల్చుకోవచ్చు. .223 రెమింగ్టన్ అని మాత్రమే ఉంటే .223 మాత్రమే కాల్చండి. అమ్మినాయన మాట, రిసీవర్ మీది రాత, డబ్బా మీది బొమ్మ, ఇవేవీ లెక్కలోకి రావు. బ్లాకౌట్ మంచి తూటానే, కానీ దాన్నీ 5.56నీ ఒకే బల్ల మీద పెట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఆ సంగతి కింద విడిగా రాశాను, మిగతాది వదిలేసినా అది మాత్రం చదవండి.

నేను టెక్సాస్‌లో పదిహేడేళ్లుగా కాలుస్తున్నాను, తొమ్మిదేళ్లుగా వారాంతాల్లో ఒక రేంజ్‌లో సేఫ్టీ ఆఫీసర్‌గా నిలబడుతున్నాను, నా తూటాలు చాలావరకు నేనే ఇంట్లో నింపుకుంటాను. కాలేజీలో ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్ చేతికిచ్చి పడుకోబెట్టిన రోజు నుంచీ ఉన్న ఇష్టం ఇది. రాసేదంతా బల్ల దగ్గర చూసినదీ చేతులతో కొలిచినదీ.

ఇంకొక్క మాట, మీకు కాదు గానీ ఇది చదివే మనవాళ్ల కోసం. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడమే మామూలుగా నిషేధం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. స్నేహితుడి రైఫిల్ రేంజ్‌లో ఒకసారి పట్టుకుంటే ఏమవుతుందిలే అనుకోవద్దు, ముందు లాయర్‌ని అడగండి. ఇండియాలో ఉన్నవాళ్లకి ఇది చదివి తెలుసుకునే విషయం మాత్రమే, ఈ రకం సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు అక్కడ మామూలు లైసెన్స్ మీద దొరకవు.

ఇక అసలు తేడా ఎక్కడుంది?

మాటలు కలవకుండా ముందే అనుకుందాం. నేను తూటా అంటే మొత్తం రౌండ్: ఇత్తడి కేసు, అడుగున ప్రైమర్, లోపల మందు, ముందు బుల్లెట్. బుల్లెట్ అంటే ఎగిరిపోయే ముక్క మాత్రమే. చాంబర్ అంటే బ్యారెల్ వెనక భాగంలో తూటా కూర్చునే గది.

.223 రెమింగ్టన్, 5.56 నాటో రెండింటి కేసుల బయటి కొలతలూ దాదాపు ఒకటే. అందుకే ఒకటి పట్టిన చోట రెండోది పడుతుంది, బోల్ట్ (చాంబర్‌ని వెనక నుంచి మూసే ఉక్కు ముక్క) హాయిగా మూసుకుంటుంది, చేతికి తేడా ఏమీ తెలియదు. తేడా చాంబర్ ముందు భాగంలో ఉంది. కేసు మూతి దాటాక రైఫ్లింగ్ గాడులు (బుల్లెట్‌ని తిప్పే మరలాంటి గీతలు) మొదలయ్యే లోపు కాస్త ఖాళీ ఉంటుంది, దీన్ని గన్‌స్మిత్‌లు థ్రోట్ అంటారు, మన మాటలో గొంతు. .223 చాంబర్‌లో ఈ గొంతు పొట్టిది, 5.56 చాంబర్‌లో దాదాపు రెట్టింపు పొడవు. గాడుల్లోకి ఎక్కే వాలు కూడా 5.56లో ఇంకా మెల్లగా ఉంటుంది.

ఎడ్లబండి చక్రానికి రాయి ఆనించి పెట్టి తోయమంటే ఎంత బలం కావాలో, రెండడుగులు దొర్లాక అదే రాయి ఎక్కించడానికి ఎంత కావాలో ఊహించుకోండి. బుల్లెట్‌కి కూడా అంతే. ముందు కాస్త పరుగు దొరికితే గాడుల్లోకి సులువుగా ఎక్కుతుంది. గాడులకి ఆనుకునే మొదలైతే అది కదిలే లోపు వెనక గ్యాస్ పోగుపడిపోతుంది, ప్రెషర్ ఒక్కసారిగా లేస్తుంది. 5.56 తూటా పొడవాటి గొంతుని దృష్టిలో పెట్టుకుని నింపినది. దాన్ని పొట్టి గొంతులో కాలిస్తే, తయారుచేసినవాడు లెక్క వేసుకున్న ఖాళీ అక్కడ ఉండదు. గొడవంతా తూటా ఒక్కదానిలో లేదు, తూటా చాంబర్ కలిసినప్పుడు వస్తుంది. అందుకే తిరగేస్తే ఇబ్బంది లేదు. .223 తూటాని 5.56 చాంబర్‌లో కాలిస్తే ప్రమాదం ఉండదు, మహా అయితే గురి కాస్త చెదురుతుంది. అమెరికాలో తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామీ కూడా 5.56ని .223 చాంబర్‌లో కాల్చడాన్ని ప్రమాదకరమైన జతల జాబితాలో పెట్టింది.

మీరు నెట్‌లో చూసిన అంకెల గొడవ కూడా తేల్చేస్తాను. '.223కి 55,000 పీఎస్ఐ, 5.56కి 62,000 పీఎస్ఐ, అంటే ఏడు వేలు ఎక్కువ' అని ప్రతి చోటా రాస్తారు (పీఎస్ఐ అంటే చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్ల ఒత్తిడి అని). రెండు అంకెలూ నిజమే, కానీ వాటిని పక్కపక్కన పెట్టి తీసివేత చేయకూడదు. సామీ 55,000 అనేది కేసు నడుము దగ్గర సెన్సర్ ఆనించి కొలిచిన లెక్క. నాటో పద్ధతిలో కేసు మూతి ముందు కొలుస్తారు, అక్కడి పరిమితి 4,300 బార్, పీఎస్ఐలోకి మారిస్తే 62,366. జ్వరం చంకలో చూసినా నాలుక కింద చూసినా ఒంట్లో ఉన్న వేడి ఒకటే, కానీ థర్మామీటర్ మీద అంకె వేరుగా వస్తుంది, ఇది కూడా అలాంటిదే. యూరప్‌లో ప్రమాణాలు చూసే సీఐపీ అయితే .223కే 4,300 బార్ పరిమితి పెట్టింది. అందుకే అక్కడివాళ్లు 'రెండూ ఒకటే, ఎందుకంత రచ్చ' అంటారు, వాళ్ల లెక్కలో వాళ్లు తప్పు కాదు. మీరు కొనేది అమెరికా బ్యారెల్ కాబట్టి సామీ గొంతు కొలతే మీకు వర్తిస్తుంది.

మరి పేలిపోతుందా? ఒక్క తూటాకి రైఫిల్ ముక్కలవ్వడం నేను .223, 5.56 మధ్య ఎప్పుడూ చూడలేదు. చూసింది వేరే.

నాలుగేళ్ల క్రితం జూలైలో, మిట్టమధ్యాహ్నం, మా రేంజ్‌లో నాకు బాగా తెలిసినాయన ఒకరు విడిభాగాలు కొని కూర్చుకున్న రైఫిల్ తెచ్చారు. పది పన్నెండు రౌండ్లు బాగానే వెళ్లాయి, తర్వాత ట్రిగ్గర్ కదలడం మానేసింది. మ్యాగజైన్ తీశాం, చాంబర్ ఖాళీ చేశాం, అప్పర్ విప్పాం. ట్రిగ్గర్ కింద, సరిగ్గా స్ప్రింగ్ పక్కన, మిరియపు గింజంత ప్రైమర్ ఒకటి చిక్కుకుని ఉంది. కాల్చిన కేసులు ఏరి బల్ల మీద నిలబెట్టి చూస్తే రెండింటికి అడుగున ప్రైమర్ ఉండాల్సిన చోట గుండ్రటి చిల్లే ఉంది. మిగతా కేసుల ప్రైమర్లు అంచుల గుండ్రం పోయి, ఇస్త్రీ చేసినట్టు చదునుగా అయిపోయాయి. కేసు అడుగున రాసిన అక్షరాల మీద ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తన్నే పిన్ను) రాసుకున్న మెరుపు మచ్చ ఉంది. ఇత్తడి మెత్తబడి ఎజెక్టర్ కన్నంలోకి పొంగితేనే ఆ మచ్చ పడుతుంది. హ్యాండ్‌గార్డ్ (బ్యారెల్ చుట్టూ ఉండే చేతిపట్టు తొడుగు) విప్పి టార్చ్ వేసి చూస్తే బ్యారెల్ మీద '.223 రెమ్' అని చిన్న అక్షరాల్లో ఉంది. ఆయన కాలుస్తున్నది 62 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) నాటో రకం. అమ్మినవాళ్లు ఆయనకి రెండూ నడుస్తాయని చెప్పారు. తర్వాత గన్‌స్మిత్ దగ్గర గొంతు పెంచి రీమ్ చేయించుకున్నారు, అప్పటి నుంచి అదే రైఫిల్, అదే తూటా, ఒక్క ప్రైమర్ ఊడలేదు.

ఆ ట్రిగ్గర్ కింద పడిన ప్రైమర్‌ని చిన్న విషయం అనుకోవద్దు. ట్రిగ్గర్ ఆగిపోతే నయం. పడరాని చోట పడితే సేఫ్టీ సరిగా పట్టకపోవచ్చు, ట్రిగ్గర్ సరిగా తిరిగి రాకపోవచ్చు. సెమీ ఆటోమేటిక్‌లో తర్వాతి తూటా తనంతట తానే చాంబర్‌లోకి ఎక్కి కూర్చుంటుంది కదా, మీరు గమనించేలోపే రైఫిల్ మళ్లీ సిద్ధంగా ఉంటుంది. బోల్ట్ యాక్షన్‌లో అయితే హ్యాండిల్ గట్టిగా వచ్చిందంటే చేతికి తెలుస్తుంది, ఆగుతాం. సెమీలో ఆ హెచ్చరిక ఉండదు. అందుకే కొత్త బ్యారెల్ గానీ కొత్త రకం తూటా గానీ అయితే మొదట మ్యాగజైన్‌లో రెండు రౌండ్లే పెట్టండి, కాల్చిన కేసులు ఏరి అడుగు చూడండి, బాగుంటేనే ముందుకెళ్లండి. ప్రైమర్ చదును ఒక్కటే చూసి భయపడక్కర్లేదు, మెత్తటి ప్రైమర్లు మామూలు ప్రెషర్‌కే చదునవుతాయి. చదును, మెరుపు మచ్చ, ప్రైమర్ చుట్టూ మసి, ఇవి రెండు మూడు కలిసి కనిపిస్తే ఆపేయండి.

ఇక వైల్డ్. ఇల్లినాయ్‌కి చెందిన బిల్ వైల్డ్ అనే ఆయన సర్వీస్ రైఫిల్ పోటీల కోసం గీసిన చాంబర్ ఇది. పోటీల్లో దూరాలకి 80 గ్రెయిన్ల పొడవాటి బుల్లెట్లు వాడతారు. .223 గొంతు వాటికి పొట్టి. 5.56 గొంతు పొడవు సరిపోతుంది గానీ వెడల్పు ఎక్కువ, బుల్లెట్ అందులో కాస్త అటూ ఇటూ ఒరుగుతుంది. బుల్లెట్ వ్యాసం .224 అంగుళాలు, 5.56 గొంతు .2265, వైల్డ్ గొంతు .2240. చూడటానికి అంగుళంలో వెయ్యో వంతులు రెండున్నర మాత్రమే తేడా, తలవెంట్రుక మందం కన్నా తక్కువ, కానీ వంద గజాల్లో కాగితం మీద కనబడుతుంది. పొడవు నాటో తూటాకి సరిపోయేలా, వెడల్పు బుల్లెట్‌ని నిటారుగా పట్టేలా ఉండటమే దాని గొప్ప. నన్నడిగితే పౌరులు కొనుక్కునే ఏఆర్‌కి ఇంతకన్నా మంచి చాంబర్ లేదు. 1:8 ట్విస్ట్‌తో (గాడులు ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు తిరిగే బ్యారెల్) తీసుకుంటే 55 నుంచి 77 గ్రెయిన్ల దాకా అన్నీ నడుస్తాయి. మీది నిజంగా వైల్డ్ అయితే మంచి బేరం చేశారు.

ఒక్క జాగ్రత్త. బ్యారెల్ మీద 5.56 అని ఉన్నా లోపల గొంతు పొట్టిగా కోసిన బ్యారెళ్లు అప్పుడప్పుడు తగులుతాయి, రీమర్ (చాంబర్ కోసే పనిముట్టు) అరిగిపోయాక కూడా అలాగే కోస్తూ పోతే ఇలా జరుగుతుంది. గొంతు కొలిచే గేజ్ ఉన్న గన్‌స్మిత్ అయితే అయిదు నిమిషాల్లో చెప్తాడు. సెకండ్ హ్యాండ్ కాబట్టి హెడ్‌స్పేస్ (బోల్ట్ ముఖానికీ చాంబర్‌లో తూటా ఆగే చోటికీ మధ్య దూరం) గేజ్ కూడా అప్పుడే పెట్టించండి.

ఇప్పుడు బ్లాకౌట్ గురించి, నిదానంగా చదవండి.

.300 బ్లాకౌట్‌కి సామీ ఆమోదం 2011లో వచ్చింది. .223 కేసునే పొట్టిగా కత్తిరించి, మూతి వెడల్పు చేసి, .308 అంగుళాల బుల్లెట్ పెడితే బ్లాకౌట్. ప్రెషర్ పరిమితి అదే 55,000. అడుగు అదే కాబట్టి బోల్ట్ అదే, మొత్తం పొడవు గరిష్ఠం అదే 2.260 అంగుళాలు కాబట్టి మ్యాగజైన్ అదే. బ్యారెల్ ఒక్కటి మారిస్తే చాలు. ఇది దాని సౌకర్యం, దాని ప్రమాదం కూడా ఇదే. తూటా పొడవు ఒకటే, మ్యాగజైన్ ఒకటే, అప్పర్లు రెండూ నల్లవే, బయట నుంచి చూస్తే ఏది ఏదో తెలియదు.

5.56 బ్యారెల్ ఉన్న రైఫిల్‌లోకి బ్లాకౌట్ తూటా వెళ్తే ఏమవుతుంది? చాలాసార్లు బోల్ట్ పూర్తిగా మూసుకోదు, అది అదృష్టం. కానీ 110 గ్రెయిన్ల లాంటి పొట్టి బుల్లెట్ ఉన్న రకం అయితే, బోల్ట్ విసురుకి గానీ ఫార్వర్డ్ అసిస్ట్ (బోల్ట్‌ని చేత్తో ముందుకి నెట్టే బటన్) కొట్టినప్పుడు గానీ బుల్లెట్ కేసులోకి వెనక్కి నెట్టుకుపోయి బోల్ట్ మూసుకుంటుంది. అప్పుడు .308 బుల్లెట్‌ని .224 కన్నంలోంచి పంపమని అడుగుతున్నాం. అది వెళ్లదు. గ్యాస్ ఏ దారి దొరికితే ఆ దారిన వస్తుంది, ఆ దారి మీ ముఖానికి ఆరు అంగుళాల దూరంలో ఉంటుంది.

నేను ఇది ఒక్కసారి చూశాను, మళ్లీ చూడాలని లేదు. ఒక తండ్రి, పదహారేళ్ల కొడుకు, రెండు రైఫిళ్లు, ఒకే బల్ల. నేను రెండు లేన్ల అవతల ఉన్నాను. ఆ శబ్దం రైఫిల్ శబ్దంలా లేదు, ట్రక్కు టైరు పేలినట్టు మొద్దుగా వచ్చింది. అందర్నీ ఆపించి వెళ్లేసరికి మ్యాగజైన్ అడుగు ఊడి తూటాలన్నీ నేల మీద చెల్లాచెదరుగా ఉన్నాయి, అప్పర్ రెండు పక్కలా ఉబ్బి పగిలింది, బోల్ట్ క్యారియర్ లోపల బిగుసుకుపోయింది. పిల్లవాడి చెంప మీద ఎర్రటి చుక్కలు, కళ్లజోడు కుడి అద్దం మీద ఇత్తడి రవ్వలు గుచ్చుకున్న గుంటలు ఏడో ఎనిమిదో ఉన్నాయి. ఆ అద్దం లేకపోతే ఆ కన్ను లేదు. వాళ్ల నాన్న ఒక మాటే మళ్లీ మళ్లీ అంటున్నాడు, 'సరిగ్గానే పట్టింది కదా, మ్యాగజైన్ సరిగ్గానే పట్టింది కదా.' నేల మీద దొరికిన తూటాల్లో బ్లాకౌట్‌వి కొన్నింటికి అడుగున 5.56 సైనిక కేసుల ముద్రే ఉంది, ఎందుకంటే ఆయన పాత నాటో కేసులు కత్తిరించి నింపిన తూటాలు కొన్నాడు. అడుగున ముద్ర చూసి నమ్మడానికి కూడా లేదన్నమాట.

ఆ రోజు నుంచి నా పద్ధతి మారింది. బ్లాకౌట్ మ్యాగజైన్లన్నిటికీ నడుము చుట్టూ వెడల్పాటి ఎర్ర టేపు, రైఫిల్ మ్యాగజైన్ గూడు మీద అదే ఎర్ర టేపు. వేరే సంచి, వేరే తూటా డబ్బా. అంతకన్నా ముఖ్యం, ఒక ట్రిప్పులో ఒకటే తీసుకెళ్తాను. బ్లాకౌట్ రోజు 5.56 ఇంట్లో తాళంలో ఉంటుంది. మీరు ఉన్న మ్యాగజైన్లే వాడుకుందాం అనుకున్నారు, ఆ పొదుపు వద్దు. కొత్తవి నాలుగు, వేరే రంగువి కొనండి. ఇంకా, బోల్ట్ తనంతట తాను మూసుకోకపోతే ఫార్వర్డ్ అసిస్ట్ మీద కొట్టొద్దు. ఆపి, మ్యాగజైన్ తీసి, ఆ తూటా బయటికి లాగి చూడండి.

పందులకి బ్లాకౌట్ బాగుంటుందా అంటే, ఫీడర్ (మేత వేసే పెట్టె) దగ్గర రాత్రిపూట, వంద గజాల లోపు అయితే చాలా బాగుంటుంది, ముఖ్యంగా సప్రెసర్ (శబ్దం తగ్గించే గొట్టం) తో. 200, 220 గ్రెయిన్ల సబ్‌సోనిక్ (శబ్దవేగం కన్నా నిదానంగా వెళ్లేది) నిశ్శబ్దంగా ఉంటుంది గానీ వేగం తక్కువ, పెద్ద మగపందికి గాయం చేసి వదిలేసినట్టవుతుంది, నాకు అది ఇష్టం ఉండదు. వేటకి 110 నుంచి 125 గ్రెయిన్ల సూపర్‌సోనిక్ వాడండి. పొలం అవతలి గట్టు దాకా కాల్చాలంటే మాత్రం ఇది కాదు.

మిగతా చాంబర్లు, బోల్ట్ మీద పడే బరువు

దూరం కావాలంటే మీకు 6.5 గ్రెండల్, 6ఎంఎం ఏఆర్‌సీ అనే తూటాలు కనిపిస్తాయి. వీటి పరిమితి 52,000 పీఎస్ఐ, .223 కన్నా తక్కువ. తక్కువ కదా, బోల్ట్‌కి సుఖమే అనుకుంటారు అందరూ, నేనూ మొదట అలాగే అనుకున్నాను. ప్రెషర్ అంటే చదరపు అంగుళానికి ఎంత అని. కేసు అడుగు పెద్దదైతే మొత్తం తోపు పెరుగుతుంది. .223 అడుగు వ్యాసం .376 అంగుళాలు, 55,000తో లెక్క వేస్తే సుమారు 6,100 పౌండ్లు, అంటే ఒక ఆడ ఏనుగు బరువు క్షణకాలం బోల్ట్ ముఖం మీద పడినట్టు. గ్రెండల్ అడుగు .439, 52,000తో సుమారు 7,900 పౌండ్లు. కేసు గోడ చాంబర్‌కి అతుక్కుని కొంత మోస్తుంది కాబట్టి నిజంగా బోల్ట్‌కి చేరేది దీనికన్నా తక్కువే, కానీ పోల్చుకోవడానికి ఈ లెక్క చాలు. పైగా అడుగు పట్టడానికి బోల్ట్ ముఖం వెడల్పు చేస్తారు, లగ్‌ల (బోల్ట్‌ని తాళంలా పట్టి ఉంచే పళ్లు) వెనక ఉక్కు పలచబడుతుంది. బరువు ఎక్కువ, ఉక్కు తక్కువ.

నా సొంత గ్రెండల్ బోల్ట్‌కి ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని బయటికి లాగే కొక్కెం) పక్కనున్న లగ్ మొదట్లో వెంట్రుకంత గీత కనబడింది, శుభ్రం చేస్తుంటే. తప్పు నాదే, నింపేటప్పుడు మాన్యువల్‌లో గరిష్ఠం దగ్గరే ఏడాది పాటు నింపుతూ పోయాను. అప్పటి నుంచి గరిష్ఠానికి బాగా కింద ఆగుతున్నాను, జింకకి బుల్లెట్ వేగంలో ఆ సెకనుకి యాభై అడుగుల తేడా తెలియదు. గ్రెండల్ కొంటే స్పేర్ బోల్ట్ ఒకటి పక్కన పెట్టుకోండి, వెయ్యి రౌండ్లకోసారి లగ్‌ల మూలలూ క్యామ్ పిన్ కన్నం చుట్టూ భూతద్దంతో చూడండి.

7.62×39 పరిమితి 45,000 మాత్రమే, తూటా చవక అన్నారు ఒకప్పుడు, ఇప్పుడు ఆ చవక లేదు. కేసు బాగా వాలుగా ఉండటం వల్ల ఏఆర్ మ్యాగజైన్లతో తలనొప్పి. .350 లెజెండ్, .450 బుష్‌మాస్టర్ తిన్నటి గోడల కేసులే వాడాలని నియమం ఉన్న రాష్ట్రాలవాళ్లకి, టెక్సాస్‌లో మీకు అక్కర్లేదు. .22 కన్వర్షన్ కిట్ (అదే ఏఆర్‌లో .22 తూటాలు కాల్చేలా మార్చేది) మాత్రం కొనండి, 24,000 పీఎస్ఐ, భుజానికి దెబ్బ ఉండదు, ప్రాక్టీస్‌కి డబ్బు మిగులుతుంది.

కింద కామెంట్లలో ఒకాయన .308, 7.62 నాటో కూడా ఇలాగేనా అని అడిగారు. కాదు, అక్కడ కథ వేరు. .308కి సామీ పరిమితి 62,000 పీఎస్ఐ, 7.62కి పాత సైనిక పత్రాల్లో 50,000 అని ఉంటుంది. ఆ 50,000 రాగి ముక్క ఎంత నలిగిందో చూసి చెప్పే పాత పద్ధతి అంకె, దాన్ని పీఎస్ఐ అని చదివి జనం కంగారు పడతారు. నాటో కొత్త పద్ధతిలో అదే 7.62 పరిమితి 4,150 బార్, అంటే అరవై వేల పీఎస్ఐ పైమాటే. అసలు తేడా హెడ్‌స్పేస్‌లో ఉంది. .308కి గో గేజ్ (కనిష్ఠం) 1.630 అంగుళాలు, ఫీల్డ్ గేజ్ (వాడకంలో ఒప్పుకునే గరిష్ఠం) 1.638. సైనిక 7.62 రైఫిల్‌కి 1.6455 దాకా ఒప్పుకుంటారు. వదులు చాంబర్‌లో పలచటి గోడల .308 కేసు సాగి, అడుగు దగ్గర తెగిపోతుంది. మన బెంగాల్‌లోని ఈషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 7.62 బోల్ట్ యాక్షన్ 2ఎ1 రైఫిళ్లు అమెరికాలో చాలా ఉన్నాయి, నా దగ్గరా ఒకటి ఉంది, దానిమీద ఇదే వాదన రోజూ నడుస్తుంది. నేను గేజ్ పెట్టి చూసుకున్నాకే కాల్చాను, అందులో 7.62 నాటో రకం తప్ప వేయను. కొత్త ఏఆర్-10 (.308 తూటా పట్టే పెద్ద ఏఆర్) అయితే ఈ బెంగ అక్కర్లేదు, రెండూ కాల్చుకోవచ్చని కంపెనీ పుస్తకంలో ఉంటే చాలు.

చాంబర్ ప్రెషర్ ఒక్కటే ప్రెషర్ కాదని చెప్పడానికి ఎం1 గరాండ్ మంచి ఉదాహరణ. 1936లో అమెరికా సైన్యం తీసుకున్న రైఫిల్ అది, .30-06. బరువైన బుల్లెట్, నిదానంగా మండే మందు ఉన్న వేట తూటా వేస్తే చాంబర్‌కి ఏమీ కాదు. బ్యారెల్ చివర గ్యాస్ కన్నం దగ్గర మాత్రం ప్రెషర్ ఇంకా మిగిలి ఉంటుంది, ఆపరేటింగ్ రాడ్ (గ్యాస్ తోపుని బోల్ట్‌కి చేర్చే కడ్డీ) వంగే ప్రమాదం ఉంది. మీ ఏఆర్‌లోనూ గ్యాస్ కన్నం చాంబర్‌కి ఎంత దగ్గరుంటే అంత ఎక్కువ గ్యాస్ వెనక్కి తన్నుతుంది. 16 అంగుళాల బ్యారెల్‌కి కార్బైన్ గ్యాస్ (దగ్గరి కన్నం) కన్నా మిడ్ లెంగ్త్ (కాస్త దూరపు కన్నం) మెత్తగా ఉంటుంది, బోల్ట్ ఎక్కువ కాలం వస్తుంది. సప్రెసర్ పెట్టేటట్టయితే ఇది చూసుకోండి.

టెక్సాస్ ఎండ గురించి చెప్పకుండా ఉండలేను. ఆగస్టులో కారు డిక్కీలో తూటాల డబ్బా పెట్టి పొద్దంతా వదిలేస్తారు. మందు వేడెక్కితే అదే తూటా ప్రెషర్ పెరుగుతుంది, అంచున ఉన్న లోడ్ అంచు దాటుతుంది. నేను మంచు పెట్టని ఖాళీ కూలర్‌లో పెట్టి నీడలో ఉంచుతాను. వరసగా కాల్చి వేడెక్కిన బ్యారెల్‌లో తూటా వదిలేసి కబుర్లలో పడొద్దు, బోల్ట్ వెనక్కి లాగి తెరిచి పెట్టండి. అలాగే ఒకే తూటాని రోజూ చాంబర్‌లో ఎక్కించి దించడం మానండి. ఏఆర్ ఫైరింగ్ పిన్‌కి స్ప్రింగ్ ఉండదు, ఎక్కించిన ప్రతిసారీ ప్రైమర్ మీద చిన్న చుక్క పడుతుంది, బుల్లెట్ కూడా మెల్లగా లోపలికి జరుగుతుంది. లోపల ఖాళీ తగ్గితే ప్రెషర్ పెరుగుతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది బ్యారెల్ ముద్ర చూడటం. చాంబర్ ఖాళీ ఉందని కళ్లతో, వేలితో రెండుసార్లు చూసుకుని, హ్యాండ్‌గార్డ్ ముందు చివర నుంచి వెనక్కి వెతకండి. ఎక్కువగా ఫ్రంట్ సైట్‌కీ బ్యారెల్ మూతికీ మధ్య ఉంటుంది, కొన్నిటికి గ్యాస్ బ్లాక్ వెనక హ్యాండ్‌గార్డ్ కింద దాక్కుంటుంది. ఏ ముద్రా లేకపోతే గొంతు కొలిపించే దాకా .223 తప్ప వేయొద్దు. ఫొటో తీసి ఇక్కడే పెడితే చదివి చెప్తాను. ఫోన్ టార్చ్ ఎదురుగా వేయకండి, ఫాస్ఫేట్ పూత మీద అక్షరాలు మెరిసి కనబడవు. పక్క నుంచి ఏటవాలుగా వేయండి, గీతల్లో నీడ పడి స్పష్టంగా వస్తుంది.